రెండో వేలిముద్ర

సంతలో అల్లం బేరమాడుతుండగా సుక్రు చెవిన ఒక మగగొంతు పడింది. బొంగురు గొంతు. సగం ముక్కుతో, సగం నోటితో మాట్లాడుతున్నట్టుంది.

"నిన్న నువ్వు కొండమీద కాఫీపళ్లు కోత్తన్నప్పుడు నీ పసుపు కోక కనపడినాది కనకా. ఆకుల్లో పిట్ట వాలినట్టున్నావు..."

ఎవడీ ఎదవ, అనుకున్నాడు సుక్రు. నెత్తి నెరిసిన గొంతుకి ఈ కులుకు ఒకటా! అల్లం ముక్క విరిచి వాసన చూసి తట్టలో పడేశాడు. ఇంతలో ఆ గొంతు దగ్గింది. దగ్గి, సవరించుకుని, మళ్లీ దగ్గింది. పొగలో పనిచేసేవాడి దగ్గు అది. అది తన దగ్గే.

బయటినుంచి వింటే తన గొంతు ఇంత అన్యాయంగా ఉంటుందని ఆయనకి ఆ రోజే తెలిసింది.

ఆ గొంతు వరహాలరావు సెల్లు కొట్లోంచి వస్తోంది. కొట్టు ముందు పాటలు పెట్టే నల్లడబ్బా ఒకటి ఉంది. దాని చుట్టూ నలుగురైదుగురు టీగ్లాసులు పట్టుకుని పొట్టలు పట్టుకు నవ్వుతున్నారు. వరహాలరావు తన పెద్ద ఫోను పైకెత్తి, "ఇంకోటి ఇనండి, ఇది ఇంకా బాగుంటాది" అంటున్నాడు. కొండకింది ఊరి మనిషి. నున్నగా దువ్విన జుట్టు, చొక్కాజేబులో చిన్న స్క్రూడ్రైవరు. అందరికీ సాయం చేసే మనిషని పేరు.

"ఇది సుక్రు బావ గొంతు కాదేటి? టైడాలో బొంగుచికెన్ కాలుత్తాడు, ఆయన!" అన్నాడెవడో.

"ఆడికి కోపం తప్ప ఇంకోటి రాదనుకున్నాం. నోట్లో ఇంత తేనె పెట్టుకున్నాడా!"

సుక్రు కొట్లోకి దూకేవాడే. దూకితే ఆ గొంతు తనదేనని ముద్ర వేసినట్టవుతుంది. తువ్వాలు నెత్తిమీదకి లాక్కుని, అల్లం కొనకుండానే, గొర్రెల మంద వెనక నక్కుతూ సంత దాటేశాడు.

దారిపొడుగునా ఆయన తిట్టింది వరహాలరావుని కాదు, కనకని. ఆ మాటలు తన ఫోన్లోంచి వాట్సాపులో ఆవిడ ఫోనుకి వెళ్లాయి. మధ్యలో ఇంకెవరూ లేరు. ఆవిడే నవ్వుకోడానికి ఊరికి పంచి ఉంటుంది. తన చివరి మాటకి జవాబు రాకపోవడానికి కారణం కూడా ఇదేనన్నమాట. ఎన్నాళ్లో గొంతులో నలిపి నలిపి చివరికి పంపాడు. "మాఘం వచ్చీసరికి నా ఇంటికి వొచ్చీగలవా కనకా? ఔనంటే ఔననీ, కాదంటే కాదనీ." ఆ మాట కింద రెండు గీతలు నీలంగా మారి ఊరుకున్నాయి. విన్నది. విని నోరెత్తలేదు.

*

మర్నాడు టైడా రైలుస్టేషను పక్కన సుక్రు పొయ్యి దగ్గర ఎవరూ నిలబడలేకపోయారు. పచ్చివెదురు బొంగులు గణుపు దగ్గర నరుకుతుంటే కత్తి వెదురుమీద పడుతోందో మనుషులమీద పడుతోందో తెలియడం లేదు. కోడిముక్కలకి ఉప్పూకారం, పసుపు పట్టించి బొంగులో కూరి, మూతికి ఆకు ఉండచుట్టి బిగించాడు. వరసగా నిప్పులమీద పేర్చాడు. బొంగుని తిప్పుతూ ఉండాలి. ఒకవైపే ఉంచితే పగిలి కారం అంతా నిప్పులపాలవుతుంది.

వైజాగునుంచి వచ్చిన కుర్రజంట ఫోను పట్టుకుని, "అంకుల్, కొంచెం నవ్వుతూ తిప్పండి, వీడియో తీస్తున్నాం" అన్నారు.

"నవ్వు ఎక్స్‌ట్రా" అన్నాడు సుక్రు.

పక్క పొయ్యి భీముడు వంగి, "బావా, ఏటయినాది? బొంగులో నిన్నే కూరినట్టు కుతకుతలాడతన్నావు" అన్నాడు. సంతకబురు వాడిదాకా రాలేదు. రేపటికి వస్తుంది. ఎల్లుండికి రైల్లో పోయేవాళ్లక్కూడా తెలుస్తుంది.

సుక్రు ఉన్న బొంగులు కాల్చి ఇచ్చేసి, నిప్పుమీద నీళ్లు కొట్టి, కనక ఊరికి కొండదారి పట్టాడు. అడగాల్సింది ఎదటపడే అడగాలి. కాదంటే కాదని మొహంమీద చెప్పించుకోవాలి. దానికోసం ఈ సంబరం ఎందుకు?

*

కనక వాళ్లన్న మంగ్లు ఇంటిముందు కళ్లంలో కాఫీగింజలు ఆరబోశారు. తొక్క తీసిన గింజల పులిసిన వాసన ఊరు మొదట్లోనే ముక్కుకి తగులుతుంది. కనక చెక్కపలకతో గింజల్ని చాళ్లు చాళ్లుగా లాగుతోంది. అటు చివర ఆడవాళ్లు తట్టల్లో తాలుగింజలు ఏరుతున్నారు. సుక్రు కనపడగానే వాళ్లలో ఎవరో "కిచకిచ" మని పిట్టకూత కూశారు. అందరూ తలలు దించుకుని నవ్వారు.

"వొచ్చినావా? ఆ నల్లడబ్బా కూడా ఎత్తుకొచ్చినావా?" అంది కనక తలెత్తకుండా.

"నానెందుకు తెత్తాను?"

"మిగిలిన ఊర్లకి కూడా ఇనిపించొద్దేటి? ఊటకాడ నీల్లకెల్తే పిట్టొచ్చింది, పిట్టొచ్చింది అంటన్నారు. నాను నీ మాటలు సెవికానించుకుని, దుప్పటి కప్పుకుని ఇన్నాను బావా. నువ్వు సంతలో పెట్టినావు."

సుక్రు అక్కడే ఆగిపోయాడు. "నాను పెట్టినానా? నా నోటితో నన్నే నవ్వులపాలు సేసుకుంటానేటి? నువ్వు కాదేటి ఇచ్చింది?"

"నా ఫోనుకి తాళం ఉంది. నా ఏలు పడితే తెరుసుకుంటాది, నేదా నంబరు కొట్టాల. ఆ నంబరు దేవుడికి కూడా సెప్పలేదు."

"నా ఫోను నాను పుట్టి బుద్దెరిగి ఎవులి సేతికీ ఇవ్వనేదు."

"ఇవ్వవు. నువ్వు నిప్పు కూడా అరువియ్యవు" అంది కనక వదిన రాజకుమారి, తట్ట పక్కకి పెట్టి లేస్తూ. పొట్టి మనిషి, పెద్దగొంతు. ఊళ్లో మహిళాసంఘానికి ఆవిడే పెద్ద. "ఇద్దరి మాటా నిజమే అయితే మూడోమనిషి ఎక్కడో దూరినాడు. తగూ తరవాత ఆడుకుందురు గాని. ముందు ఆ ఫోను సూడండి అన్నా."

సుక్రు బడి మానేసింది ఐదో తరగతిలో. ఆయన బడిని మానేశాడు గాని, అక్షరాలు ఆయన్ని మానలేదు. కనక నంబరు కొట్టి ఇస్తే, కంటికి దూరంగా పెట్టుకుని తెరమీద తెలుగు మాటలు ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ వెళ్లాడు. సెట్టింగులు. భద్రత. వేలిముద్ర. అక్కడ మళ్లీ నంబరు అడిగితే మళ్లీ కొట్టించాడు. లోపల రెండు వరసలున్నాయి.

వేలిముద్ర 1.

వేలిముద్ర 2.

"రెండేళ్లు పెట్టినావేటి?"

"నేదు. కుడి బొటనేలు ఒక్కటే."

కనక కుడి బొటనవేలు ఆనించింది. మొదటి వరస ఒకసారి మెరిసి ఆరింది. రెండోది ఉలకలేదు. ఎడమ బొటనవేలు పెట్టింది. ఏదీ మెరవలేదు. పదివేళ్లూ పెట్టింది. రెండోవరస రాయిలా కూర్చుంది.

"నాది సూడు" అని రాజకుమారి తన వేలు పెట్టింది. కాదు. మంగ్లుని పిలిచారు. చేతులకంటిన జిగురు కడుక్కుని వచ్చి పెట్టాడు. కాదు. తాలుగింజలు ఏరేవాళ్లు తట్టలు వదిలేసి మూగారు. ఒకరి తరవాత ఒకరు వేలు పెట్టడం, తెరవైపు చూడడం, "నాది కాదోలే, నాను దొంగని కాదు!" అని గెంతడం. ఒక ముసలావిడ కాలుచాపి, "సేతేళ్లన్నీ అయిపోనాయి, నా కాలేలు సూడండి" అంది. సుక్రు నిజంగానే వంగి ఫోను ఆవిడ కాలికి ఆనించాడు. కళ్లం అంతా గొల్లుమంది. కోపంగా ఉండాలని బిగబట్టుకున్న కనక కూడా కొంగు నోటికి అడ్డుపెట్టుకుని తిరిగిపోయింది.

ఆ తిరిగిన మనిషి అలాగే నిలబడిపోయింది. తన బొటనవేలు ఎత్తి చూసుకుంది. కాఫీపసరు నల్లగా పట్టి, చర్మం నెర్రెలిచ్చి ఉంది.

"ఫోను కొన్న రోజున నా ఏలు పడనేదు" అంది మెల్లిగా. "కోతల రోజులు. గీతలన్నీ అరిగిపోనాయి. సెల్లుకొట్టు సావుకారే ఏదో మందేసి తుడిసినాడు. ఎంతసేపటికో పడింది. నంబరు పెట్టుకో అప్పా, నాకు సెప్పకు, ఎవులికీ సెప్పకు అని గోడవైపు తిరిగిపోనాడు. ఎంత మంచోడో అనుకున్నాను. తరవాత, మిషను బాగుందో నేదో సూద్దాం అని తన ఏలు పెట్టినాడు. వొత్తి తీసినాడు, వొత్తి తీసినాడు."

"వొత్తి తీసినాడు" అంది రాజకుమారి. నవ్వు ఆగిపోయింది. "నాక్కూడా అలాగే సేసినాడు."

ఆడవాళ్లు జాకెట్లలోంచి, సంచుల్లోంచి ఫోన్లు తీశారు. సుక్రు ఒక్కొక్కటీ చూసి పెట్టాడు. నంబరు కొట్టేటప్పుడు వాళ్లే చెయ్యి అడ్డంపెట్టుకున్నారు. ఎవరి ఫోను తీసినా లోపల రెండో వేలిముద్ర ఉంది. సంతరోజున ఛార్జింగుకని ఆ కొట్లో ఫోన్లన్నీ వదిలేసి సాయంత్రందాకా తిరుగుతారు. అంతసేపూ ఆ బొటనవేలు ఇంటింటికీ తిరుగుతూ ఉంటుంది.

"నా పిల్ల తానమాడిన ఫోటోలు ఉన్నాయి" అంది ఒకామె.

"నాను ఆ సావుకార్ని తిట్టిన తిట్లున్నాయి. ఇన్నాడంటావా?" అంది రాజకుమారి. కాస్త ఆలోచించి, "ఇంటే ఇన్నాడులే. ఎదట అనడం తప్పింది" అంది.

సుక్రుకి కళ్లు ఎర్రబడ్డాయి. కొండమీద పుట్టినవాడు కళ్లు తెరిచినప్పట్నుంచి వేలేస్తూనే ఉంటాడు. బియ్యానికి వేలు, పింఛనుకి వేలు, సిమ్ముకి వేలు. పడకపోతే రేపు రమ్మంటారు. తాతలు తెలీక వేసిన వేలికి భూములు పోయాయని చెప్పుకుంటారు. ఇప్పుడు కొండకిందివాడు వచ్చి మన లోపలే తన వేలు వేసి పోయాడు. "ఇప్పుడే ఎల్లి ఆ ఏలు నరికేత్తాను" అన్నాడు.

"బొంగులు నరుక్కో. ఏలు నరికితే నిన్ను జైల్లో ఏసి ఆడికి పూలదండ ఏత్తారు" అంది కనక. ఫోను ఆయన చేతిలోంచి లాక్కుంది. "తీసీమాకు. సంతదాకా ఆ ఏలు అందులోనే ఉండనీ."

"మరి నా మాటకి..." అని మొదలెట్టాడు సుక్రు. చుట్టూ అన్ని చెవులూ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. ఆయన నోరుమూసుకుని కొండ దిగాడు.

*

సంతరోజున సుక్రు పెందలాడే వెళ్లి కొట్టుకి ఎదురుగా చెప్పులమ్మేవాడి పక్కన నిలబడ్డాడు. వరహాలరావుని కడిగెయ్యడానికి మాటలు సిద్ధం చేసుకున్నాడు. తాతలనుంచి మొదలుపెట్టి రైలుపట్టాలదాకా ఉంది ఆ ప్రసంగం. కొట్టుముందు మామూలుగానే టీగ్లాసుల బృందం కూర్చుంది.

కనక పసుపు కోక కట్టుకుని వచ్చింది. వెనక రాజకుమారి, కళ్లంలో ఆడవాళ్లందరూ. కిచకిచమనబోయిన టీగ్లాసువాడు అంతమందిని చూసి టీ మింగాడు.

వరహాలరావు ఎవరిదో ఫోనుమీద కొత్త అద్దం అతికిస్తున్నాడు. కార్డుముక్కతో గాలిబుడగల్ని ఒక చివరనుంచి మరో చివరకి తోస్తున్నాడు. చూపంతా అక్కడే ఉంది.

"సావుకారూ, తెరుసుకోడం నేదు. ఏలుకి పసరు పట్టీసింది. బేగి ఒక ఫోటో తియ్యాల" అంది కనక, ఫోను బల్లమీద పెట్టి.

"పెట్టప్పా" అన్నాడు వరహాలరావు. కుడిచేత్తో బుడగ తోస్తూనే ఎడంచేత్తో ఆవిడ ఫోను అందుకున్నాడు. బొటనవేలు ఆనించాడు. ఫోను తెరుచుకుంది. "ఇదిగో" అని తిరిగి చాచాడు.

కనక అందుకోలేదు.

చాచిన చెయ్యి అలాగే ఉంది. వరహాలరావు తలెత్తాడు. అన్ని మొహాలు తన బొటనవేలినే చూస్తున్నాయి. ఇటు సగం అతికిన అద్దం కింద బుడగ మెల్లిగా వెనక్కి వచ్చేసింది.

"నాది కూడా తెరువు సావుకారూ" అంది రాజకుమారి తన ఫోను బల్లమీద పెడుతూ.

"నాదీ." "నాదీ." బల్లంతా ఫోన్లు పరుచుకున్నాయి.

"అది... అవసరానికి పనికొస్తాదని అప్పా. మీ ఏళ్లు పడవు కదా. సాయానికే..." అని వరహాలరావు ఎడంచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

అప్పుడు కాలిబొటనవేలు చూపించిన ముసలావిడ ముందుకొచ్చింది. రేషను కొట్టువాళ్లు ఎలా అంటారో అచ్చం అలాగే, మొహం ఎటో పెట్టి, విసుగ్గా, "ఏలెయ్యి" అంది.

ఒక్క క్షణం ఎవరికీ అందలేదు. అందాక సంతంతా ఊగింది. ఆడవాళ్లు ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. "ఏలెయ్యి సావుకారూ!" "పడనేదు, తుడుసుకుని ఎయ్యి!" "సర్వరు డౌనయిపోనాది, రేపు రా!" చెప్పులమ్మేవాడు నవ్వాడు, కోళ్లమ్మేవాడు నవ్వాడు, కాళ్లుకట్టిన కోళ్లు కూడా అరిచాయి. పోయిన వారం పొట్టలు పట్టుకున్న టీగ్లాసులవాళ్లు ఈసారి ఇంకా గట్టిగా పట్టుకున్నారు. వాళ్లకి ఎవరైతేనేం!

సుక్రు దాచుకున్న ప్రసంగం అంతా నోట్లోనే ఉండిపోయింది. దాన్ని మింగుదామని చూస్తే నవ్వు అడ్డం వచ్చింది. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

వరహాలరావు కొట్టు వెనకవైపు చూశాడు. ఎటూ దారి లేదు. "సరదాకి ఇన్నాను. మీ మాటలు బాగుంటాయి, అందుకని" అన్నాడు, సగం నవ్వుతూ.

"అయితే నీ ఫోను ఇటియ్యి. మేమూ సరదాకి ఇంటాం" అంది రాజకుమారి.

వరహాలరావు రెండుచేతులతో ఫోను గుండెకి హత్తుకున్నాడు. మళ్లీ నవ్వులు లేచాయి.

కనక మాత్రం నవ్వలేదు. "నీ మాటలు మాకెందుకు సావుకారూ? మావి తీసీ సాలు" అంది. ఆ మాటకి వరహాలరావు తల పూర్తిగా దిగిపోయింది. తన ఫోన్లో సుక్రు మాటలు ఒక్కొక్కటీ వెతికి, ఆవిడకి చూపించి, చెరిపేశాడు. తరవాత బల్లమీద ఫోన్లు. ఒక్కొక్కరూ నంబరు కొట్టాలి, ఆయన తన వేలు తియ్యాలి. నంబరు కొట్టేముందు ప్రతి ఆడమనిషీ, "గోడకి తిరుగు" అంది. ఆయన తిరిగాడు. "ఇటు తిరుగు" అంటే ఇటు తిరిగాడు. అలా ఎంతసేపు తిరిగాడో గాని, సంత సగం కొట్టుముందే జరిగింది. జాలేసి ఎవరో ఆయనకి టీ కూడా తెప్పించారు. అయ్యాక ఒక్కరూ అక్కడ ఛార్జింగు పెట్టలేదు.

టీగ్లాసుల్లో ఒకడు సుక్రు పక్కకి చేరి, "బావా, ఏమనుకోకు. ఆకుల్లో పిట్ట అన్నావు సూడు, అది ఎలా తట్టింది? మా ఆడదానితో అందామని" అన్నాడు.

"తట్టాల్సినోడికి తడతాది. నువ్వు టీ తాగు" అన్నాడు సుక్రు. కసురుకున్నాడే గాని, లోపలెక్కడో కొంచెం పొంగాడు.

గోనెసంచుల అంగడి దగ్గర కనక ఒక్కతీ దొరికింది. "మరి నా మాటకి ఏటంటావు?" అని అడిగాడు, చుట్టూ చూసుకుంటూ.

"ఇక్కడా? ఇంతమంది మద్దెనా? ఫోన్లో సెప్తాను. ఏలు తీసీసినాను, నంబరు కూడా మార్చీసినాను."

"ఏటి నంబరు?"

"నీకెందుకు?" అంది కనక.

సుక్రు మొహం మాడింది. మాడిన మొహంతోనే టైడా రైలెక్కాడు. పెట్టెలో కూర్చున్నాక నెమ్మదిగా వెలిగింది. నంబరు ఎవరికీ చెప్పని మనిషి. తను మాట్లాడింది దుప్పటి కప్పుకుని విన్న మనిషి. అలాంటి మనిషి దగ్గర మాట ఉంటే పదిలంగా ఉన్నట్టే. ఎదటి సీటు పసిపిల్ల తననే చూస్తుంటే కళ్లు ఎగరేశాడు. ఆ పిల్ల కెవ్వుమని తల్లి వెనక దాక్కుంది. అలవాటు లేని పని.

*

తరవాత రోజు పొద్దెక్కాక, బొంగులు నిప్పులమీద ఉండగా సుక్రు జేబులో ఫోను కూసింది. కనక పేరు పక్కన చిన్న మైకుబొమ్మ. పొయ్యి దగ్గర సిగ్నలు గీత ఒకటే ఉంది. బొమ్మ తిరుగుతోంది గాని తెరుచుకోవడం లేదు. స్టేషను వంపు దగ్గరకి వెళ్తేనే సిగ్నలు.

ఎదురుగా నల్లకళ్లద్దాల ఆసామీ ఒకడు ఆకలిమీద నిలబడున్నాడు. సుక్రు పట్టకారు ఆయన చేతిలో పెట్టాడు. "తిప్పుతా ఉండండి. ఒకవైపే కాలితే పగుల్తాది" అని పరుగెత్తాడు. ఆ మనిషి కళ్లద్దాలు నెత్తిమీదకి తోసుకుని, భయంభయంగా బొంగులు తిప్పసాగాడు.

వంపు దగ్గర సుక్రు ఫోను చెవికి ఆనించాడు. "బావా..." అంది కనక గొంతు. సరిగ్గా అప్పుడే ఖనిజం తెచ్చే గూడ్సు సొరంగంలోంచి బయటపడింది. పెట్టె వెనక పెట్టె. కొండంతా అదురుతోంది. కనక ఏదో చెబుతోంది, చక్రాలు ఏదో చెబుతున్నాయి. సుక్రు రైలుని, రైలు కనిపెట్టినవాణ్ని, దానిలో ఉన్న రాళ్లని కలిపి తిట్టాడు. ఆఖరిపెట్టె పోయేదాకా ఒంటికాలిమీద నిలబడ్డాడు. పోయాక చెట్లలో నిశ్శబ్దం దిగింది. మళ్లీ మొదట్నుంచి పెట్టుకున్నాడు. విన్నాడు. ఇంకోసారి విన్నాడు. తరవాత ఫోనుకి తాళం వేసి లోపలిజేబులో పెట్టుకున్నాడు.

తిరిగొచ్చేసరికి కళ్లద్దాల ఆసామీ చెమటలు కక్కుతూ ఇంకా తిప్పుతున్నాడు. ఒక్క బొంగూ పగల్లేదు. "బాగా కాల్సినావు బాబూ, మా ఊళ్లో పుట్టాల్సినోడివి" అని సుక్రు బొంగు చీల్చి ఆకులో ముక్కలు దులిపాడు. నవ్వుతూనే దులిపాడు. ఎక్స్‌ట్రా అనలేదు.

"బావా, ఏటన్నాది?" అని పక్కపొయ్యినుంచి భీముడు మెడ సాచాడు.

"నాకు సెప్పింది. నీకు కాదు."

"ఒక్క ముక్క సెప్పు!"

"జీలుగు కల్లు ఇప్పుడు ఎవుడి సెట్టుది బాగుందిరా?"

భీముడి చేతిలో విసనకర్ర ఆగింది. పెళ్లికి మనిషినడగడానికి పోయేవాడు ఆ ఇంటి మగవాడికి కుండెడు జీలుగు కల్లు పట్టుకెళ్లాలి. ఉత్తిచేతులతో పోతే అడిగినట్టే కాదు. వాడు విసనకర్ర పారేసి, "ఉండు, మా మావ సెట్టుది ఇప్పుడే దించుతారు!" అని పొదల్లోకి లగెత్తాడు.

మధ్యాహ్నానికి సుక్రు స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, కుండ భుజానికెత్తుకుని మంగ్లు ఊరి దారి పట్టాడు. దారిలో ఎదురైనవాళ్లందరూ ఆయన మొహం చూసి ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక ఎక్కడికి అని అడగబోయారు. ఇంతలో కుండ కనపడింది. ఇంకేమీ అడగకుండా, చిన్నగా నవ్వి, దారికి పక్కగా తప్పుకున్నారు. ఎండకి కల్లు పొంగుతోంది. తెల్లటి నురగ కుండమూతి దాటి ఉతికిన చొక్కామీదకి కారుతున్నా సుక్రు తుడుచుకోలేదు.